బోను దగ్గర నుంచి వీధి దాకా: జొసయా క్విన్సీ జీవితం



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ పెద్దాయన దగ్గర నేను జూనియరుగా చేరేనాటికి నాకు పాతికేళ్లు నిండలేదు. పొద్దున్నే ఆఫీసుకు వెళితే ఆయన కనిపించేవారు కాదు. స్థలం తగాదా ఉంటే ఆ స్థలం దగ్గర, కాలువ తగాదా ఉంటే ఆ కాలువ గట్టు మీద ఉండేవారు. దావా కాగితం చదివే ముందు చోటు చూసి రావాలన్నది ఆయన పట్టుదల. కొంతకాలం పురపాలక సంఘంలో పనిచేసినప్పుడూ ఆ అలవాటు మానలేదు. ఈ ఏడాది అంశం మీరే ఎంచుకోండి అని కమిటీవారు అన్నప్పుడు, ఆయన బతికుంటే ఎవరి గురించి వినడానికి ఇష్టపడేవారా అని ఆలోచించాను. ఒక పేరు తట్టింది. అమెరికాలోని బోస్టన్ నగరానికి రెండో మేయర్‌గా పనిచేసిన జొసయా క్విన్సీ.

1772లో పుట్టి 1864లో కన్నుమూసిన మనిషి. వకీలు, చట్టసభ సభ్యుడు, న్యాయమూర్తి, మేయర్, ఆ తర్వాత హార్వర్డ్ అధ్యక్షుడు. పదవుల జాబితా చదవడానికి నేను రాలేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. న్యాయస్థానానికి మనిషి అన్నీ అయిపోయాక వస్తాడు. ఆకలి, తాగుడు, దొంగతనం, పట్టివేత, ఇవన్నీ దాటాక బోనులో నిలబడతాడు. న్యాయమూర్తి చూసేది ఆ చివరి ఘట్టమే. క్విన్సీ ఆ బోను దగ్గర ఆగిపోలేదు. ఆ మనిషి ఎక్కడ బయలుదేరాడో ఆ వీధికి తానే నడిచి వెళ్లాడు. వెళ్లి చూసిన చోటల్లా నగరానికి మేలు చేశాడు. చూడకుండా లెక్క మాత్రమే వేసిన చోట అన్యాయం చేశాడు. రెండూ చెబుతాను.

తండ్రి ఇచ్చిన ఆస్తి

1770 మార్చి 5 రాత్రి బోస్టన్ కింగ్ స్ట్రీట్‌లో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. ఊరంతా రగిలిపోతున్న ఆ రోజుల్లో సైనికుల తరఫున వకాల్తా పుచ్చుకున్నవారిలో జాన్ ఆడమ్స్ పేరు అందరికీ తెలుసు. ఆయన పక్కన నిలబడిన యువ వకీలు మన క్విన్సీ తండ్రి. ఆయన పేరూ జొసయా క్విన్సీయే. బ్రిటిష్ పెత్తనాన్ని గట్టిగా ఎదిరించేవాడు. అలాంటివాడు ఆ సైనికుల పక్షాన నిలబడతాడా అని కన్నతండ్రే బాధపడుతూ ఉత్తరం రాశాడు. నేరం ఇంకా రుజువు కాలేదు, వాళ్లకూ వకీలు ఉండాలి అని కొడుకు జవాబు రాశాడు. ప్రభుత్వం తరఫున వాదించినవారిలో ఆయన సొంత అన్న శామ్యూల్ క్విన్సీ ఉన్నాడు. ఒకే తల్లి బిడ్డలు కోర్టులో ఎదురెదురుగా నిలిచారు. విచారణకు వచ్చిన ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. మిగిలిన ఇద్దరిపై హత్యానేరం నిలవలేదు, అంతకంటే చిన్న నేరం కింద బొటనవేలి మీద వాత పెట్టి వదిలేశారు.

ఆ తండ్రి ఎక్కువ కాలం బతకలేదు. వలసల తరఫున మాట్లాడటానికి ఇంగ్లండు వెళ్లి, క్షయతో కృశించి, 1775 ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణంలో ఓడ మీదే కన్నుమూశాడు. తీరం దాదాపు చేరుకున్నారు. లెక్సింగ్టన్‌లో స్వాతంత్ర్య యుద్ధం మొదలై అప్పటికి వారమే అయింది. ఆయన వయసు 31, కొడుక్కి మూడేళ్లు. వీలునామాలో కొడుకు పేర కొన్ని పుస్తకాలు రాశాడు: సిడ్నీ, లాక్, బేకన్ రచనలు, టాసిటస్ చరిత్ర, కేటో లేఖలు. పదిహేనేళ్లు నిండాక ఇవ్వాలన్నాడు. స్వేచ్ఛను ప్రేమించే గుణం వాడికి అబ్బాలని కోరుకున్నాడు. పొలాలు, ఇళ్లు రాసిన వీలునామాలు మనం రోజూ చూస్తాం. బిడ్డ చదవాల్సిన పుస్తకాల పేర్లు ఒక్కొక్కటే రాసిపెట్టిన తండ్రి నాకు ఇంకెక్కడా తగల్లేదు.

తల్లి అబిగైల్ కూడా లాక్ పుస్తకాన్ని అక్షరాలా నమ్మింది. పిల్లవాడు గట్టిపడాలంటే చన్నీళ్లు అలవాటు చేయాలని అందులో ఉంది. చలికాలమైనా సరే, మూడేళ్ల పిల్లవాణ్ణి వెచ్చటి పక్కలోంచి లేపి, కింది గదికి మోసుకెళ్లి, పంపు నుంచి అప్పుడే తోడిన నీళ్ల తొట్టిలో మూడుసార్లు ముంచేవారట. ఆరేళ్లకే ఆండోవర్‌లోని ఫిలిప్స్ అకాడమీలో చేర్పించారు. లాటిన్ వ్యాకరణం అర్థం కాకుండానే బట్టీపట్టడం, గంటల తరబడి గట్టి బల్ల మీద కూర్చోవడం ఆయనకు పెద్దయ్యాక కూడా గుర్తుండిపోయాయి. 1790లో హార్వర్డ్ పట్టా అందుకున్నాడు. 1793లో వకీలుగా నమోదయ్యాడు.

మొదటి కక్షిదారు

పారిపోయిన బానిసలను యజమానులకు పట్టి అప్పగించాలనే సమాఖ్య చట్టం కూడా ఆ 1793లోనే వచ్చింది. చట్టం కొత్తలో బోస్టన్‌లో ఒక నల్లజాతి మనిషిని పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. అతని తరఫున వాదించమని యువకుడైన క్విన్సీని అడిగారు. ఆయన పుస్తకాలు తిరగేసి వాదన సిద్ధం చేసుకున్నాడు. గది కిక్కిరిసి ఉంది. వాదన సాగుతుండగా వెనక పెద్ద అలికిడి. తిరిగి చూస్తే కాన్‌స్టేబుళ్లు నేల మీద పడి ఉన్నారు, జనం మధ్యలో దారి తెరుచుకుంది, ఆ దారిన తన కక్షిదారు తీర్పు వినకుండానే వెళ్లిపోతున్నాడు.

ఈ సంఘటన క్విన్సీయే యాభై ఏళ్లు దాటాక చెప్పాడు. ఎందుకు చెప్పాడో చివరలో మనవి చేస్తాను. ఆయన చట్టం గురించి మేజిస్ట్రేటుకు చెబుతున్నాడు. అదే సమయంలో వెనక ఒక మనిషి బతుకు తేలిపోతోంది. బార్‌లో కొత్తగా చేరిన పిల్లలు ఈ దృశ్యాన్ని మరిచిపోకూడదని నా కోరిక. మన చూపు ఎప్పుడూ న్యాయపీఠం వైపే ఉంటుంది. మన కక్షిదారు ఉండేది మన వెనకాల.

1805 నుంచి 1813 దాకా ఆయన వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభలో ఉన్నాడు. ఆయన పక్షమైన ఫెడరలిస్టు పార్టీ అప్పటికే చిక్కిపోతోంది. అధ్యక్షుడు జెఫర్సన్ పెట్టిన వాణిజ్య నిషేధాన్ని ఎదిరించాడు. 1809లో జెఫర్సన్ మీద విచారణ కోరుతూ తీర్మానం పెడితే 117 ఓట్లు వ్యతిరేకంగా, ఒకే ఒక్క ఓటు అనుకూలంగా పడింది. ఆ ఒక్కటీ ఆయనదే. 1811లో లూసియానాను రాష్ట్రంగా చేర్చుకుంటే సమాఖ్య బంధం తెగినట్టేనని, వీలైతే సామరస్యంగా, కాకుంటే బలవంతంగానైనా విడిపోవడానికి కొన్ని రాష్ట్రాలు సిద్ధం కావాలని ప్రసంగించాడు. ఆ మాట జీవితాంతం ఆయనను వెంటాడింది. ఇదంతా పెద్ద వేదికల మీది జీవితం. మాటలు ఉరుముల్లా మోగాయి, పనులు మాత్రం కాలేదు. ఆయన అసలు జీవితం ఇంటికి తిరిగొచ్చాకే మొదలైందని నా నమ్మకం.

న్యాయపీఠం మీద

1821లో ఆయన మసాచుసెట్స్ శాసనసభకు స్పీకర్. అదే ఏడాది బీదల చట్టాల మీద ఏర్పడిన సంఘానికి అధ్యక్షుడిగా నివేదిక ఇచ్చాడు. 1822లో స్పీకర్ పదవి వదులుకుని బోస్టన్ మున్సిపల్ కోర్టు న్యాయమూర్తిగా చేరాడు. కాంగ్రెసు చూసినవాడు, శాసనసభను నడిపినవాడు చిల్లర దొంగతనాల కోర్టుకు ఎందుకొచ్చాడని చాలామందికి తోచి ఉంటుంది. అది దిగుడు మెట్టే. ఆయన మాత్రం ఆ మెట్టు మీద నిలబడి అంతవరకు కనపడనిది చూశాడు.

ఆ కోర్టులో ఆయన ముందుకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది బీదలు, తాగుబోతులు, దిక్కులేని పిల్లలు. ముదురు నేరస్థులతో పాటు పన్నెండేళ్ల పిల్లవాణ్ణి ఒకే గదిలో పెడితే ఆ జైలు బడి అవుతుంది, అందులో పాఠం నేరమే అవుతుంది. బీదరికం, దుర్వ్యసనం, నేరం, ఈ మూడింటినీ కలిపి చూడాలంటూ గ్రాండ్ జ్యూరీని ఉద్దేశించి చేసిన ప్రసంగాన్ని 1822లో అచ్చు వేయించాడు. బీదవాడి కష్టానికి అతని తాగుడును, సోమరితనాన్ని మరీ ఎక్కువగా బాధ్యుల్ని చేశాడని ఇవాళ చదివితే నాకు అనిపిస్తుంది. ఆ కాలపు పెద్దమనుషుల దృష్టి అది. అయినా శిక్ష వేసి ఊరుకోకుండా, శిక్ష పడ్డవాడు ఎక్కడికి పోతున్నాడని అడిగిన న్యాయమూర్తులు అప్పట్లో అరుదు.

ఆ ఏడాదే మరో కేసు. జోసెఫ్ బకింగ్‌హామ్ అనే పత్రికా సంపాదకుడు ఒక మతప్రచారకుడి నడవడి గురించి రాశాడు. పరువునష్టం నేరం మోపారు. అప్పటి ఆచారం ప్రకారం, రాసింది నిజమైనా నేరం నేరమే. నిజమైతే తప్పు ఇంకా పెద్దదనే వాదనా ఉండేది. సదుద్దేశంతో, తగిన ప్రయోజనం కోసం రాసిన నిజం నేరం కాదని, నిజమని రుజువు చేసుకోవడానికి ముద్దాయికి అవకాశం ఇవ్వాలని క్విన్సీ అన్నాడు. జ్యూరీ సంపాదకుణ్ణి విడిచిపెట్టింది. దాని విలువ పత్రికల మీద పరువునష్టం కేసులు నడిపిన మనలాంటివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

గుర్రం మీద మేయర్

1822 దాకా బోస్టన్ పేరుకు ఊరే. నలభై వేలు దాటిన జనం, ఏడు వేలకు పైగా ఓటర్లు. అయినా పాలన ఊరి సభ చేతుల్లోనే ఉండేది. అందరూ ఫెన్యూల్ హాల్లో చేరి చేతులెత్తి తీర్మానించాలి. వేదిక దగ్గరున్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు దేనికి చెయ్యెత్తుతున్నామో తెలిసేది కాదు. ఊరిని నగరంగా మార్చడాన్ని క్విన్సీ మొదట వ్యతిరేకించాడు. ప్రజలు తమ పనులు తామే చూసుకునే పద్ధతి పోతుందని ఆయన బెంగ. మార్పు వచ్చేసింది. మొదటి మేయర్ జాన్ ఫిలిప్స్ ఒక ఏడాది ఉన్నాడు. 1823 మే 1న క్విన్సీ మేయర్ అయ్యాడు. పదవీకాలం ఏడాదే. ఆరుసార్లు వరుసగా గెలిచాడు.

సనదు ప్రకారం మేయరుకు అధికారాలు పెద్దగా లేవు. ఎనిమిది మంది ఆల్డర్మెన్, 48 మంది సభ్యుల కౌన్సిల్, ఇవి కాక ఆరోగ్యానికి, రోడ్లకు, బీదల పోషణకు, నిప్పు ప్రమాదాలకు ఎవరి పాత బోర్డు వారిది. ఎవరినడిగినా అది మా పరిధి కాదనేవారు. మనకు బాగా పరిచయమైన మాటే. క్విన్సీ ముఖ్యమైన ప్రతి కమిటీకీ తానే అధ్యక్షుడిగా కూర్చున్నాడు. నియంతృత్వమని అన్నారు. తప్పు జరిగితే నన్నే అడగండి అన్నది ఆయన పద్ధతి.

తెల్లవారుజామున గుర్రమెక్కి వీధులన్నీ తిరగడం ఆయన దినచర్య. ఆ వేళప్పుడు నగరం ముసుగు లేకుండా కనిపిస్తుంది. పేరుకుపోయిన పేడ, ఇళ్ల ముందు పారబోసిన కుండెడు మురికి, ఎప్పుడూ తీయని మరుగుదొడ్ల గుంతలు. చెత్త ఎత్తాల్సింది ఆరోగ్య బోర్డా, రోడ్ల బోర్డా అనే తగాదా తేలకనే ఏళ్లు గడిచాయి. ఆయన నగరం ఖర్చుతో మనుషుల్ని, బళ్లను పెట్టి ఊడ్పించాడు. ఊరి చరిత్రలో వీధులు మొత్తంగా శుభ్రపడటం అదే మొదటిసారి. పదవి దిగేటప్పుడు మరణాల సంఖ్య తగ్గిన తీరును లెక్కలతో చూపించాడు.

నగరం పడమటి వైపు కొండవాలున సారా దుకాణాలు, వ్యభిచార గృహాలు నిండిన పేట ఒకటుండేది. సైన్యం తోడు లేకుండా అక్కడికి వెళితే ప్రాణాలు దక్కవని పెద్ద కాన్‌స్టేబులు చెప్పాడు. చట్టానిది పైచెయ్యో కాదో తేలడానికి ఒక పోరాటమైనా జరగాలని క్విన్సీ జవాబు. సైన్యాన్ని పిలవలేదు. వకీలు బుర్ర ఉపయోగించాడు. సారా లైసెన్సులు రద్దు చేశాడు. నాట్యశాలల్లో ఫిడేలు వాయించేవాళ్లను పాత చట్టం కింద పట్టించాడు. పాటా మందూ లేకపోయేసరికి రాబడి ఎండిపోయి దుకాణాలు మూతపడ్డాయి. అయితే ఆ వ్యాపారం చావలేదు, పేట మారింది. 1825 జూలైలో నగరం ఉత్తర భాగంలో అలాంటి ఇళ్ల మీద అల్లరి మూకలు పడి రాత్రుళ్లు విధ్వంసం చేశాయి. అప్పటికి సరైన పోలీసు దళం లేదు. సరుకు బళ్లు తోలే బలశాలులను మేయరు పోగు చేసి, వాళ్లకు తానే ముందు నడిచి, వీధులు ఖాళీ చేయించాడు. ఆ ఇళ్లను ఆయన కూడా అసహ్యించుకునేవాడు. అయినా గుంపు వేసే శిక్షను ఒప్పుకోలేదు. సైనికుల తరఫున వాదించిన తండ్రికి తగ్గ కొడుకు.

న్యాయపీఠం మీద చూసినదానికి మేయర్‌గా బదులు చెప్పాడు. పనిచేయగల బీదలకు దక్షిణ బోస్టన్‌లో శ్రమాలయం, పెద్ద నేరస్థులకు వేరుగా దిద్దుబాటు గృహం, 1826లో బాల నేరస్థులకు ప్రత్యేకంగా మరో గృహం. ఏడాది ముందు న్యూయార్క్‌లో తెరిచినది తప్పిస్తే పిల్లల కోసం ఆ దేశంలో అలాంటిది అప్పటికి లేదు.

1825 ఏప్రిల్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక అగ్నిమాపక శాఖను ఏర్పాటు చేశాడు. అంతవరకు జనం రెండు వరసల్లో నిలబడి తోలు బకెట్లు చేతులు మార్చుకునేవారు. ఆ స్థానంలో గొట్టాలు వచ్చాయి, వీధుల కింద నీటి తొట్లు తవ్వించారు. ఆ బకెట్ల వరసలతో ముడిపడ్డ పాత స్వచ్ఛంద దళాల గౌరవం దెబ్బతింది. వాళ్లు ఆ కోపం దాచుకున్నారు.

రాతి బజారు

మా అమ్మాయి బోస్టన్‌లో ఉద్యోగం చేస్తుంది. ఒక చలికాలం అక్కడికి వెళ్లినప్పుడు క్విన్సీ మార్కెట్ ముందు నిలబడి ఒక స్తంభం మీద చెయ్యి వేశాను. గ్రానైటు రాయి, అతుకు లేని ఒకే ముక్క, నాలుగు అటు, నాలుగు ఇటు. చేతి తొడుగు తీసి పెట్టిన చెయ్యి చలికి జిల్లుమంది. లోపలికి వెళితే నడవకు రెండు వైపులా తినుబండారాల దుకాణాలు, మధ్యలో గుమ్మటం. పొడవు 535 అడుగులు. గుమ్మటం కింద నిలబడితే రెండు చివరలా వెలుతురు చిన్న కిటికీలా కనిపిస్తుంది.

1823లో ఆ చోట నేల లేదు. సముద్రపు నీరు లోపలికి వచ్చే పాత రేవు గుంట ఉండేది. చుట్టుపక్కల మురికంతా అందులోనే. ఫెన్యూల్ హాల్ చుట్టూ ఇరుకు సందుల్లో మాంసం, చేపలు, కూరగాయలు అమ్మేవారు. పల్లెల నుంచి వచ్చిన రైతుల బళ్లు చలిలో వీధుల పొడుగునా నిలిచిపోయేవి. క్విన్సీ చిన్న మరమ్మతుతో సరిపెట్టుకోలేదు. ఒక్కో యజమాని దగ్గర స్థలాలు, రేవు హక్కులు కొని, గుంట పూడ్పించి, ఆరు కొత్త వీధులు వేయించాడు. వాస్తుశిల్పి అలెగ్జాండర్ పారిస్. 1825 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగితే 1826 ఆగస్టులో బజారు తెరిచారు. ఖర్చు పదకొండు లక్షల డాలర్లు దాటింది. ఆ రోజుల్లో ఆ మొత్తం వింటేనే గుండె గుభేలుమనేది.

డబ్బు ఎక్కడిది? ఇక్కడ వకీలు తెలివి చూడండి. మధ్య భవనం నగరం కట్టింది. దానికి రెండు వైపులా ఏర్పడిన కొత్త స్థలాలను ముక్కలుగా వేలం వేశారు. కొన్నవాడు ఎలాగంటే అలా కట్టడానికి లేదు, ముఖభాగం నిర్ణయించిన కొలతల్లో గ్రానైటుతోనే కట్టాలన్నది షరతు. ప్రైవేటు డబ్బుతో లేచిన భవనాలు ఒకే వరసలో, ఒకే తీరులో నిలిచాయి. పన్ను పెంచలేదని ఆయన గర్వంగా చెప్పుకున్నాడు. అప్పు మాత్రం పెరిగింది, ఆ మాట ప్రత్యర్థులు వదిలిపెట్టలేదు. బజారు ఇప్పటికీ నడుస్తోంది. రెండు వందల ఏళ్లు కావొస్తోంది.

మూసిన బడి

ఇప్పుడు రెండో మాట. ఇది చెప్పకపోతే నా ఉపన్యాసం భజన అవుతుంది.

బోస్టన్‌లో మగపిల్లలకు ఉన్నత పాఠశాల 1821లోనే వచ్చింది. ఆడపిల్లలకు 1826లో తెరిచారు. ప్రధానోపాధ్యాయుడు ఎబెనీజర్ బెయిలీ. మొదటి ప్రవేశాలకు 286 మంది వస్తే సగం మందికి కూడా చోటు లేకపోయింది. చేరినవాళ్లు చదువు మానలేదు. మగపిల్లలు రెండేళ్లు చదివి దుకాణాలకో ఓడలకో పోయేవారు, వీళ్లు కదల్లేదు. ఎక్కడైనా దాన్ని విజయమంటారు. మేయరు దాన్ని ప్రమాదమన్నాడు. ప్రతి ఏడూ సంఖ్య పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, దాంతో లాభపడేది సొంత డబ్బుతో చదివించుకోగల కుటుంబాలే అన్నాడు. 1828లో బడి మూతపడింది. బదులుగా ఆడపిల్లలు మామూలు బడుల్లో ఏడాది పొడుగునా, ఇంకా పెద్దయ్యేవరకు చదువుకోవచ్చన్నారు. అంతవరకు వాళ్లకు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే బడి. ఆ వెసులుబాటు చిన్నది కాదు. అయినా మూసిన తలుపు మూసినట్టే. బెయిలీ ఊరుకోలేదు, మేయరు నివేదికకు సమాధానంగా పుస్తకమే అచ్చువేశాడు. బోస్టన్ ఆడపిల్లలకు మళ్లీ అలాంటి బడి దొరకడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

క్విన్సీకి ఐదుగురు కూతుళ్లు. పెద్దమ్మాయి ఎలైజా సూసన్ తండ్రి రచనల పనిలో కుడిభుజంగా నిలిచింది. ఆ అక్కచెల్లెళ్ల డైరీలు ఇరవయ్యో శతాబ్దంలో పుస్తకంగా వచ్చాయి. ఆడపిల్లల బుద్ధి ఎంత చురుకైనదో తెలియడానికి ఆ మేయరు ఇల్లు దాటి వెళ్లనక్కర్లేదు. తన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ప్రతి పూటా కనిపించేదే. చెత్తకుప్ప ఎక్కడుందో తెల్లవారకముందే గుర్రమెక్కి వెళ్లి చూసిన మనిషి, చోటు దొరక్క ఇంటికి తిరిగి వెళ్లిన ఆ పిల్లల వీధికి మాత్రం వెళ్లలేదు. వాళ్లు ఆయనకు పద్దు పుస్తకంలో ఒక అంకె అయ్యారు. మంచి పాలకుడు చేసే తప్పు ఇలాగే ఉంటుంది. లంచం కోసం కాదు, పగతో కాదు, పొదుపు పేరుతో చేస్తాడు. అందుకే అది పట్టుకోవడం కష్టం.

1828 డిసెంబరు ఎన్నికల్లో అన్నీ కలిసొచ్చాయి. అగ్నిమాపక దళాల పాత కోపం, సారా వర్తకుల పగ, అప్పు భయం, ఆడపిల్లల తండ్రుల మనస్తాపం. రెండుసార్లు ఓటింగు జరిగినా గెలుపుకు కావాల్సిన సగానికి పైగా ఓట్లు ఆయనకు రాలేదు. పోటీ నుంచి తప్పుకున్నాడు. 1829 జనవరి 3న వీడ్కోలు ప్రసంగంలో ఆరేళ్ల లెక్క వరసగా ఒప్పజెప్పాడు.

నిజం అనే మాట

అదే నెలలో హార్వర్డ్ ఆయనను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. 1845 దాకా ఉన్నాడు. నామమాత్రంగా మిగిలిన న్యాయ కళాశాలకు జోసెఫ్ స్టోరీ వంటి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆచార్యుడిగా వచ్చి ప్రాణం పోసింది ఆయన హయాంలోనే. ఖగోళ వేధశాల వచ్చింది, కొత్త గ్రంథాలయ భవనం వచ్చింది. 1834లో విద్యార్థులు కిటికీలు పగలగొట్టి అల్లరి చేస్తే ఆయన దాన్ని బయటి కోర్టుకు అప్పగించాడు, రెండో ఏడు తరగతిని దాదాపు మొత్తంగా పంపించేశాడు. కాలేజీ గోడలోపల వేరే చట్టం లేదని ఆయన ఉద్దేశం. విద్యార్థులు ఆయన్ను ప్రేమించలేదు. మార్కులు వేసి మనుషుల్ని కొలిచే పద్ధతిని పట్టుదలగా నడిపించాడు. పద్దు పుస్తకపు మనిషి ఇక్కడా ఉన్నాడు.

హార్వర్డ్ చరిత్ర రాయడానికి పాత దస్త్రాలు తిరగేస్తుండగా 1643 నాటి కాగితాల్లో ఆయనకు ఒక చిన్న గీత బొమ్మ కనిపించింది. తెరిచిన మూడు పుస్తకాల మీద సత్యం అని అర్థమిచ్చే లాటిన్ మాట రాసి ఉంది. రెండు వందల ఏళ్లుగా ఎవరూ దాన్ని తిప్పి చూడలేదు. ఇవాళ హార్వర్డ్ చిహ్నం మీద ఉన్నది ఆ మాటే. ముట్టని కట్ట విప్పి చూసే అలవాటు ఉన్నవాడికే ఇలాంటివి దొరుకుతాయి.

నీళ్లు, ఉత్తరం

మేయర్‌గా ఆయన మరో మాట పదేపదే అన్నాడు. బావుల నీళ్లు చాలవు, నగరానికి దూరం నుంచి మంచినీళ్లు తేవాలి, ఆ పని కంపెనీలకు కాక నగరానికే ఉండాలి. ఆయన కాలంలో నివేదిక దగ్గరే ఆగిపోయింది. 1848 అక్టోబరు 25న కొచిచువేట్ సరస్సు నీళ్లు గొట్టాల్లో బోస్టన్ చేరాయి. కామన్ మైదానంలో వేలాదిమంది గుమిగూడారు. నీళ్లు రానివ్వమంటారా అని మేయరు అడిగితే జనం ఒక్క గొంతుతో సరేనన్నారు. ఆ మైదానంలోని చెరువు మధ్య నీటిధార ఆకాశానికి లేచింది. ఆ మేయరు పేరు కూడా జొసయా క్విన్సీ. మన క్విన్సీ కొడుకు. తండ్రికి అప్పటికి 76 ఏళ్లు.

రెండేళ్లకు, 1850లో, పారిపోయిన బానిసలను పట్టి ఇచ్చే చట్టాన్ని మరింత కఠినం చేశారు. ఫెన్యూల్ హాల్‌లో నిరసన సభ జరిగింది. ఆ సభకు పంపిన ఉత్తరంలోనే క్విన్సీ తన యవ్వనపు కేసు చెప్పాడు. చట్టానికి లోబడటమే జీవితమంతా బోధించిన మనిషి, మూకను చెదరగొట్టిన మేయరు, 78వ ఏట ఆ తెరుచుకున్న దారిని గుర్తు చేసుకున్నాడు. కాన్‌స్టేబుళ్లు పడిపోయినందుకు విచారం వెలిబుచ్చలేదు. అరవై ఏళ్ల ప్రజాజీవితం తర్వాత ఆయన మనసులో నిలిచిపోయిన కోర్టు దృశ్యం ఆయన గెలిచిన కేసు కాదు. వెనక్కి తిరిగి చూసిన ఆ ఒక్క క్షణం. ఆ తర్వాత బానిసత్వాన్ని ఎదిరించేవారి పక్షాన బాహాటంగా నిలబడ్డాడు. 1863లో 91 ఏళ్ల వయసులో కూడా సమాఖ్య నిలవాలని సభలో మాట్లాడాడు. విడిపోవడం గురించి ఒకప్పుడు మాట్లాడిన గొంతు అది. 1864 జూలై 1న కన్నుమూశాడు. బానిసత్వాన్ని రద్దు చేసే సవరణ కాంగ్రెసు ఆమోదం పొందడానికి ఇంకా ఏడు నెలలుంది.

పాత సిటీ హాల్ ముందు, స్కూల్ స్ట్రీట్‌లో, 1879 నుంచి ఆయన కంచు విగ్రహం నిలబడి ఉంది. పీఠం మీద పదవులన్నీ వరసగా చెక్కారు. నేను అక్కడ నిలబడ్డప్పుడు చదివింది ఆ వరస. గుర్తొచ్చింది మాత్రం మా సీనియరుగారు. ఒకసారి కాలువ తగాదాలో గట్టు మీది బురదలో ఆయన చెప్పు కూరుకుపోయింది. నేను లాగి ఇస్తుంటే ఆయన కాలువ అవతలి ఒడ్డు చూపించారు. దావాలో పేరు లేని ఒక ముసలమ్మ అక్కడ బిందె పెట్టుకుని కూర్చుని ఉంది. మనం గెలిస్తే ఆమెకు నీళ్లు ఆగిపోతాయి, అది కూడా రాసుకో అన్నారు. రాసుకున్నాను. రాజీ కుదిరింది.

క్విన్సీ చూసినవీ, చూడనివీ రెండూ నాకు ఆ గట్టు మీదే అర్థమయ్యాయి. ఇక్కడున్న యువ న్యాయవాదులను, రేపు పురపాలక సంఘాల్లో కూర్చోబోయేవారిని నేను కోరేది ఇంతే. మీ ఫైలులో పేరు లేని మనిషి అవతలి ఒడ్డున ఎవరైనా ఉన్నారేమో, వెళ్లి చూసి రండి.